కారు చౌడుకు ముందు జిప్సం, ఆ తర్వాతే నీళ్లు

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

కొత్తగా కొన్న ఎకరంలో చౌడు తగిలిందనీ, కాలువ వదలగానే నీళ్లు నిండా పెట్టి కడిగేస్తాననీ రాశావు. ఆగరా. ముందు అది ఏ చౌడో చూడు. ఎండాకాలంలో తెల్లగా ఉప్పు పొర తేలితే పాల చౌడు. దానికి మంచినీళ్లు పెట్టి మురుగులోకి తీసేస్తే చాలు. తడిస్తే సబ్బులా జారుతూ, ఆరితే గడ్డపలుగుకు కూడా లొంగకపోతే కారు చౌడు. ఒకప్పుడు నేను దాన్నే ఉత్త నీళ్లతో కడిగాను. పది రోజులైనా చుక్క ఇంకలేదు, వేసిన నాట్లు పసుపెక్కి పోయాయి.

రెండు గాజు గ్లాసుల్లో వాన నీళ్లు పోసి, చెంచాడు చొప్పున ఆ మట్టి కలుపు. ఒకదాంట్లో చిటికెడు జిప్సం వేసి పడుకో. తెల్లారేసరికి అది తేటపడుతుంది, రెండోది టీ రంగులోనే ఉంటుంది.

బంకమట్టి రేణువు మీద రుణావేశం ఉంటుంది. నీళ్లలోని సోడియం అయాన్లు ధనావేశంతో దాని చుట్టూ చేరతాయి. కానీ ఒక్కోదానికి ఒకటే ఆవేశం, పైగా నీటి అణువులను చుట్టబెట్టుకుని తిరుగుతాయి. అందుకే రేణువును అంటుకోకుండా మబ్బులా పరుచుకుంటాయి. రెండు రేణువులు దగ్గరకొస్తే మబ్బులు ఒకదాన్నొకటి నెట్టేస్తాయి. అలా విడివిడిగా తేలే మట్టే నేలలోని సందులన్నీ పూడ్చేస్తుంది. జిప్సం అంటే కాల్షియం సల్ఫేటు. ఆ కాల్షియం ఆవేశం రెండింతలు. అది రేణువుకు బాగా దగ్గరగా చేరుతుంది, మబ్బు కుదించుకుపోతుంది, రేణువులు గుత్తులు కడతాయి.

మరి నా కడుగుడు ఎందుకు చెడగొట్టిందంటావా? నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే సోడియం మబ్బు కూడా అణిగే ఉంటుంది. సముద్రపు నీళ్లలో దాని మందం అర నానోమీటరు కూడా ఉండదు. మంచినీళ్లలో 10 నానోమీటర్ల దాకా పోతుంది. నేను ఉప్పును పలచన చేశాను, రేణువుల దగ్గరి సోడియం మాత్రం కదల్లేదు. మబ్బు ఉబ్బింది.

మట్టి పరీక్ష చేయించు. పీహెచ్ 8.5 దాటి, రేణువులు పట్టుకున్న అయాన్లలో సోడియం వాటా 15 శాతం మించితే జిప్సం తప్పదు. ఎంత వేయాలో ల్యాబ్ వాళ్లే రాసిస్తారు, పక్కింటాయన లెక్క వినకు. మడి చదును చేసి, గట్లు వేసి, జిప్సం చల్లి, పైపైన కలిసేలా దున్ని నీళ్లు నిలబెట్టు. లీటరు నీళ్లలో అది రెండు, రెండున్నర గ్రాములే కరుగుతుంది, తొందరపడకు. రేణువులను వదిలిన సోడియం జిప్సంలోని సల్ఫేటుతో కలిసి మురుగులో పోవాలి. మీ మురుగు కాలువ పూడిపోయిందని విన్నాను. ముందు దాన్ని తవ్వించు, లేకపోతే జిప్సం డబ్బులు దండగ.

తర్వాత పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి, పూతకు రాగానే కలియదున్ను. అప్పుడు మళ్లీ గ్లాసు పెట్టి చూడు. ఉత్త వాన నీళ్లలోనే మట్టి దిగితే నాట్లకు సిద్ధం కావచ్చు. మీ పిన్ని జీలుగ విత్తనాలు సంచిలో కట్టి ఉంచింది, ఈసారి వచ్చినప్పుడు పట్టుకెళ్లు.