ఎక్స్‌పోకి వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

అత్తయ్య దీవెనలు.

నిన్న ఫోన్‌లో నీ గొంతు వింటుంటే నాకే ప్రయాణమైనంత సంబరంగా అనిపించింది. జిమ్‌లో చేరి ఎనిమిది నెలలైంది, మొదటిసారి స్ట్రెంత్ అండ్ ఫిట్‌నెస్ ఎక్స్‌పోకి టికెట్ తీసుకున్నావు, "అక్కడ ఏం చూడాలి అత్తయ్యా?" అని అడిగావు. అప్పటికప్పుడు నోటికొచ్చిన నాలుగు మాటలు చెప్పాను కానీ మనసుకి తృప్తిగా లేదు. కొన్నేళ్లు పోటీల్లో బరువుల బార్ ఎత్తాను, అంతకంటే ఎక్కువ ఏళ్లు రెఫరీ కుర్చీలో కూర్చున్నాను, ప్రేక్షకురాలిగా వెళ్లిన రోజులకైతే లెక్కే లేదు. నువ్వు అడిగావు కాబట్టి అన్నీ రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు అసలు మాట. అక్కడ ఒకే కప్పు కింద ఒక సంతా, ఒక పోటీ రెండూ ఉంటాయి. తలుపు దాటగానే ఎదురయ్యేది సంత. పెద్ద పెద్ద స్టాళ్లు, చెవులు పగిలే పాటలు, ఉచితంగా పంచే పొడులు, ఫొటోల కోసం క్యూలు. పోటీలు లోపల ఎక్కడో, హాలు చివర జరుగుతుంటాయి. నువ్వు నేరుగా వాటి దగ్గరికి వెళ్లు. ఈ ఉత్సవాలన్నిటిలో పేరున్నది ఆర్నాల్డ్ స్పోర్ట్స్ ఫెస్టివల్. అమెరికాలో కొలంబస్ నగరంలో 1989లో బాడీబిల్డింగ్ పోటీతో మొదలైంది. 2002లో స్ట్రాంగ్‌మ్యాన్ పోటీ, అంటే రాళ్లూ ఇనుప చట్రాలూ లాంటి బరువులు ఎత్తి మోసే పోటీ కూడా వచ్చి చేరింది. అంటే ముందు పోటీ, దాని చుట్టూ పెరిగిందే ఈ సందడంతా.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను మొదటిసారి వెళ్లినప్పుడు స్టాళ్ల దగ్గరే మొదలుపెట్టాను. ఇక్కడ ఒక టీషర్టు, అక్కడ ఒక శాంపిల్, ఇంకోచోట ఎవరితోనో ఫొటో. సంచి నిండింది, టైమ్ చూసుకోలేదు. నేను చూడాలని నెల రోజులుగా ఎదురుచూసిన ఆడవాళ్ల సెషన్ దగ్గరికి చేరేసరికి కుర్రాళ్లు బార్ మీంచి ప్లేట్లు తీసి స్టాండ్‌కి పెట్టేస్తున్నారు. ఆ రోజు తెచ్చుకున్న వస్తువుల్లో ఒక్కటీ ఇప్పుడు నా దగ్గర లేదు. ఆ సెషన్ చూడలేదన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది.

అందుకని ముందురోజు రాత్రే టైమ్‌టేబుల్ ముందు పెట్టుకుని రెండు సెషన్లు ఎంచుకో. రెండే. మూడోది పెట్టుకుంటే ఏదీ పూర్తిగా చూడలేవు. వెయిట్‌లిఫ్టింగ్ దాదాపు చెప్పిన టైమ్‌కే మొదలవుతుంది, ఎందుకంటే పోటీకి రెండు గంటల ముందు మొదలయ్యే బరువు కొలతల నుంచి అన్నీ గడియారం ప్రకారం నడుస్తాయి. స్ట్రాంగ్‌మ్యాన్ అలా కాదు. ఒక ఈవెంట్ సామాను తీసి ఇంకోటి పెట్టాలి కాబట్టి ఆలస్యం మామూలే. స్టాళ్లు చూడాలనుకుంటే ఆ ఖాళీల్లో చూడు.

ఇప్పుడు చూడడం గురించి. నియమాలు తెలియకుండా కూర్చుంటే అరగంటకే విసుగొస్తుంది, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కొంచెం తెలిస్తే కదలబుద్ధి కాదు.

వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు లిఫ్టులు. నేల మీంచి ఒక్క ఊపులో తల మీదికి ఎత్తేది స్నాచ్. ముందు భుజాల దాకా, ఆ తర్వాత తల మీదికి ఎత్తేది క్లీన్ అండ్ జర్క్. ఒక్కోదానికి మూడు ప్రయత్నాలు. ఒక లిఫ్ట్ నడుస్తున్నంతసేపూ బార్ మీద బరువు పెరుగుతూనే ఉంటుంది, తగ్గదు. ఎవరు తక్కువ అడిగితే వాళ్లు ముందు వస్తారు, ఎక్కువ అడిగినవాళ్లు చివర్లో వస్తారు. బార్ సిద్ధమై పేరు పిలిచాక నిమిషం టైమ్. అదే లిఫ్టర్ వెంటనే మళ్లీ ఎత్తాల్సి వస్తే రెండు నిమిషాలు. అందుకే కోచ్‌లు మాటిమాటికీ అధికారుల బల్ల దగ్గరికి పరిగెత్తి అడిగిన బరువు మారుస్తుంటారు. ఒక్కో ప్రయత్నానికి రెండుసార్లు మార్చుకోవచ్చు. తమవాళ్లకు ఇంకో రెండు నిమిషాల విశ్రాంతి దొరకాలని, ఎదుటివాళ్లు తొందరపడాలని ఆ ఎత్తుగడ. బోర్డు మీద అంకెలు మారుతున్నాయంటే అక్కడ చదరంగం నడుస్తోందని అర్థం. స్టేజీ ఎంత చూస్తావో ఆ బోర్డునూ అంత చూడు.

ఆ అంకెల్లో ఎంత బరువుందో తెలియాలంటే కరణం మల్లీశ్వరి సిడ్నీ పోటీ గుర్తు చేసుకో. 2000లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి మొదటిసారి వచ్చింది. 69 కిలోల విభాగంలో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. మొదటి ఇద్దరిదీ 242.5. చివరి ప్రయత్నానికి ఆమె 137.5 అడిగింది, అది నిలిచి ఉంటే బంగారమే. ఆ ఒక్క అంకె దగ్గర నా గుండె ఇప్పటికీ ఆగుతుంది. నువ్వు చూసే చిన్న పోటీలో కూడా ఎవరో ఒకరు ఆఖరి ప్రయత్నానికి అలాగే ఎంచుకుంటారు. దొరికిన స్థానం కాపాడుకోవాలా, పైదానికి తెగించాలా? వాళ్లేం అడుగుతారో నువ్వూ మనసులో ఊహిస్తూ కూర్చో.

రంగులు గుర్తుపెట్టుకుంటే బార్‌ని దూరం నుంచే చదవొచ్చు. ఎరుపు 25 కిలోలు, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. మగవాళ్ల బార్ 20 కిలోలు, ఆడవాళ్లది 15. ఎవరైనా బార్ మీద చెయ్యి వేయగానే హాలు నిశ్శబ్దమవుతుంది, నువ్వూ మాట్లాడకు. ఫ్లాష్ ఎప్పుడూ వెయ్యకు. తల మీదికి బార్ వెళ్తున్న క్షణంలో కళ్లలో వెలుగు పడితే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

పవర్‌లిఫ్టింగ్‌లో మూడు లిఫ్టులు. బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచేది స్క్వాట్, బెంచీ మీద పడుకుని ఛాతీ మీంచి పైకి నెట్టేది బెంచ్ ప్రెస్, నేల మీంచి లేపి నిటారుగా నిలబడేది డెడ్‌లిఫ్ట్. ఒక్కోదానికి మూడు ప్రయత్నాలు. ఇక్కడ రౌండ్లుంటాయి. అందరూ మొదటి ప్రయత్నం చేశాక బార్ బరువు మళ్లీ తగ్గి రెండో రౌండ్ మొదలవుతుంది. ఇది తెలియక చాలామంది "అదేంటి, బరువు తగ్గించారు" అని తికమకపడతారు. ముగ్గురు రెఫరీలుంటారు. కనీసం రెండు తెల్ల లైట్లు వెలిగితేనే లిఫ్ట్ చెల్లుతుంది.

కూర్చునే చోటు చాలా ముఖ్యం నాన్నా. అందరూ ఎదురుగా కుర్చీల కోసం పోట్లాడతారు. స్క్వాట్ చూడాలంటే పక్కన కూర్చో. తుంటి మడత మోకాలి పైభాగం కంటే కిందికి దిగిందా లేదా అన్నది ఎదురు నుంచి సరిగ్గా తెలియదు, పక్క నుంచే తెలుస్తుంది. పక్క రెఫరీ కుర్చీలో నేను కూర్చున్న రోజుల్లో జనం ఎన్నోసార్లు గోల చేశారు, "అంత బాగా లేస్తే రెడ్ ఎందుకిచ్చారు" అని. లేవడం వాళ్లు చూశారు, దిగకపోవడం నేను చూశాను. బెంచ్ ప్రెస్‌లో బార్ ఛాతీ మీద కదలకుండా ఆగాక రెఫరీ "ప్రెస్" అంటేనే నెట్టాలి, పిరుదులు బెంచీ మీంచి లేవకూడదు. డెడ్‌లిఫ్ట్‌లో "డౌన్" అనకముందు కిందికి దించితే లిఫ్ట్ పోయినట్టే. ప్రతి ప్రయత్నానికీ లైట్లు వెలిగేలోపు తెలుపో ఎరుపో మనసులో నువ్వే అనుకో. మొదట్లో చాలా తప్పుతావు. సెషన్ చివరికి వచ్చేసరికి సగానికి సగం నీ తీర్పు కుదురుతుంది. నీ సొంత స్క్వాట్ లోతు మీద కూడా నీకు ఆ రోజే కన్ను పడుతుంది.

స్ట్రాంగ్‌మ్యాన్‌కి పెద్ద చదువేం అక్కర్లేదు, చూస్తే తెలిసిపోతుంది. భుజాల మీద ఇనుప చట్రం మోస్తూ నడవడం, గుండ్రటి రాళ్లు ఎత్తి దిమ్మల మీద పెట్టడం. ఒక్కటే చెబుతాను, బారికేడ్‌కి ఆనుకుని నిలబడకు. మోసేవాడు తూలితే ఆ బరువు ఎటు పడుతుందో వాడికే తెలియదు. బాడీబిల్డింగ్ చూడాలనుకుంటే సాయంత్రం ఫైనల్స్ కంటే పగటి ప్రీజడ్జింగ్ చూడు. జడ్జీలు పక్కపక్కన నిలబెట్టి పోల్చేది అప్పుడే. మొదట పిలిచిన గుంపులో మామూలుగా పై స్థానాలకు పోటీపడేవాళ్లుంటారు. వాళ్ల ఒంటికి రాసుకున్న రంగు నీ బట్టలకు అంటుకుంటే ఒక పట్టాన వదలదు, కాస్త దూరంగా ఉండు.

ఇక శాంపిళ్లు. ఇక్కడ నేను నీతో కటువుగా మాట్లాడాలి. జిమ్‌కి ముందు తాగే ప్రీ-వర్కౌట్ పొడుల్లో ఒక్క స్కూప్‌కి 150 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండడం మామూలు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 400 వరకు పరవాలేదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ అంటుంది. ఒకేసారి 200 దాటకపోతే మంచిదని యూరప్ ఆహార భద్రతా సంస్థ లెక్క. స్టాల్‌లో చిన్న కప్పులో పోసిచ్చేది ఎంతో నీకు తెలియదు. నాలుగు స్టాళ్లు తిరిగితే నాలుగు కప్పులు. నేను అలా తాగి, మధ్యాహ్నానికి గుండె దడ, చేతుల వణుకు పట్టుకుని, నీళ్లు తాగుతూ గోడకి ఆనుకుని గంట కూర్చున్నాను. ఎవరినీ అడగలేదు, డబ్బా వెనక చదవలేదు. నువ్వు అడుగు, "ఇందులో కెఫీన్ ఎన్ని మిల్లీగ్రాములు?" అని. చెప్పలేకపోతే కప్పు తిరిగి ఇచ్చెయ్. ఏ పదార్థం ఎంతుందో విడివిడిగా రాయకుండా అన్నీ కలిపి ఒకే బరువు వేసిన డబ్బా కూడా వద్దు. పొడిని నీళ్లు లేకుండా నోట్లో వేసుకోమని ఎవరైనా సరదా పందెం పెడితే అక్కణ్నుంచి వచ్చెయ్. ఇంటికి తెచ్చుకోవాలనిపిస్తే కండ బలానికి వాడే క్రియాటిన్ మోనోహైడ్రేట్ పొడి తెచ్చుకో. రోజుకి 3 నుంచి 5 గ్రాములు చాలు. దాని మీద ఎన్నో ఏళ్ల పరిశోధన ఉంది. తర్వాత ఎప్పుడైనా డోప్ పరీక్షలున్న పోటీలోకి దిగాలనుకుంటే, ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్ లాంటి బయటి పరీక్షల గుర్తు ఉన్నవే వాడు. పొడి కల్తీదని తెలియదంటే ఆ నియమాలు ఒప్పుకోవు, ఒంట్లో దొరికినదానికి ఆటగాడిదే బాధ్యత.

కొన్నిచోట్ల "నువ్వూ ఎత్తి చూడు" అని పిలుస్తారు. థామస్ ఇంచ్ డంబెల్ నమూనా కనిపిస్తే తప్పకుండా ప్రయత్నించు. దాదాపు 78 కిలోలే, కానీ పిడి సుమారు ఆరు సెంటీమీటర్ల లావు, పైగా మొత్తం ఒకే పోత ఇనుము కావడంతో లేపబోతే చేతిలోంచి తిరిగి జారిపోతుంది. నేల నుంచి అంగుళం కదిలినా గొప్పే. పట్టు అంటే ఏమిటో అది ఒక్క నిమిషంలో నేర్పిస్తుంది. ఒళ్లు వేడెక్కకుండా డెడ్‌లిఫ్ట్ మాత్రం పెద్ద బరువుతో చెయ్యకు, ఎంతమంది చప్పట్లు కొట్టినా సరే.

ఆర్మ్ రెజ్లింగ్ బల్ల దగ్గర ఇంకా జాగ్రత్త. నా కళ్లెదుటే ఒక కుర్రాడికి పై చేతి ఎముక విరిగింది. ఆ చప్పుడు వెనక వరసల దాకా వినిపించింది. ఓడిపోతున్నప్పుడు పంతంతో ఒళ్లు అటు తిప్పేశాడు, చెయ్యి ఇక్కడే ఉండిపోయింది, ఎముక మెలి తిరిగి విరిగింది. నీ చెయ్యి ఎప్పుడూ నీ భుజానికి ఎదురుగా ఉండాలి, చూపు నీ పిడికిలి మీదే ఉండాలి. చెయ్యి వెనక్కి పోతోందంటే వదిలెయ్యి.

నీకు ఇష్టమైన లిఫ్టర్ ఎదురుపడితే పోటీకి ముందు పలకరించకు, ఎంత దగ్గరగా ఉన్నా సరే. అయిపోయాక వెళ్లు. "మీరు ఎంత ఎత్తుతారు" అని అడగొద్దు, అది బోర్డు మీదే ఉంది. "మొదటి ఏడాది వారానికి ఎన్ని రోజులు చేసేవారు, ఏ తప్పు సరిదిద్దుకోవడానికి ఎక్కువ కాలం పట్టింది" అని అడుగు. ఇలా అడిగితే చాలామంది ఆగి నిజంగా జవాబు చెబుతారు. ఆడవాళ్లతో ఫొటో తీసుకుంటే భుజం మీద చెయ్యి వెయ్యకు, అడగకుండా తాకకు, వాళ్ల ఒంటి గురించి వ్యాఖ్యలు చెయ్యకు. నేను ఇరవై ఏళ్ల వయసులో సింగ్లెట్‌లో, అంటే లిఫ్టర్లు వేసుకునే ఒంటికి అతుక్కునే దుస్తుల్లో, స్టేజీ దిగి వస్తుంటే వినాల్సివచ్చిన మాటలు గుర్తున్నాయి కాబట్టి చెబుతున్నాను. మన ఇంటి పిల్లాడి నోట అలాంటి మాట రాకూడదు.

ఇంటికొచ్చాక అద్దంలో చూసుకుని దిగులు పడకు. స్టేజీ మీద కనిపించే బాడీబిల్డర్ శరీరం ఆ ఒక్క రోజు కోసం నెలల తరబడి ఆకలితో చెక్కుకున్నది, నెల తర్వాత వాళ్లకే అలా ఉండదు. కొన్ని పోటీల్లో డోప్ పరీక్షలుంటాయి, కొన్నింటిలో ఉండవు. ఏది ఏదో తెలుసుకుని చూడు. సోమవారం జిమ్‌కెళ్లి మామూలు బరువులే ఎత్తు.

మెత్తటి అడుగున్న బూట్లు వేసుకో, అది కాంక్రీటు నేల. నీళ్ల సీసా, చెవులకి ఇయర్‌ప్లగ్స్ పెట్టుకో.

ఇంకొక్కటి. పొద్దున్నే బి గ్రూప్ అని ఒకటి ఉంటుంది, తక్కువ బరువులు నమోదు చేసుకున్నవాళ్లది. ఆ సమయానికి కుర్చీలన్నీ ఖాళీగా ఉంటాయి. అమ్మానాన్నలు, కోచ్‌లు, మాలాంటి రెఫరీలు తప్ప ఎవరూ రారు. నువ్వు వెళ్లి ముందు వరసలో కూర్చో. అక్కడ ఎత్తేవాళ్లలో చాలామంది నీలాగే ఉద్యోగమో చదువో చూసుకుంటూ సాధన చేసేవాళ్లే. మొదటి ప్రయత్నం పోగొట్టుకుని రెండోదానికి వణుకుతూ వచ్చే పిల్లో పిల్లాడో ఉంటారు, గట్టిగా చప్పట్లు కొట్టు. నా మొదటి పోటీలో అలా కొట్టినవాళ్లు ఇద్దరే. వాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే.

సాయంత్రం ఫోన్ చెయ్యి. ఎన్ని స్టాళ్లు తిరిగావో చెప్పక్కర్లేదు. ఎవరి స్క్వాట్‌కి రెడ్ పడింది, ఎందుకు పడింది, నువ్వు ముందే కనిపెట్టావా లేదా, అవి చెప్పు.

ప్రేమతో,
అత్తయ్య