గట్టుకు బుంగ కనిపిస్తే దాని నోరు మూయకండి, చుట్టూ కట్టండి

గోదావరి పాయల మధ్య ఉండే కోనసీమ లంకలో ఏటిగట్టు పక్కనే మా ఇళ్ళున్నాయి, అధికారులు వచ్చేలోపు ఊరివాళ్ళుగా ఏం చేసుకోవాలి అని అడిగారు. చాలానే చేసుకోవచ్చండి. అయితే సగం పని వరద రాకముందే అయిపోవాలి.

ముందు అంకెల సంగతి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర అవే 11.75, 13.75, 17.75 అడుగులు, క్యూసెక్కుల్లో చెబితే సుమారు 10, 13, 17 లక్షలు. భద్రాచలంలో పెరిగిన నీరు ఇక్కడికి దిగడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. మీకున్న వ్యవధి అదే. కానీ టీవీలో వచ్చే అంకె మీ వీధిలోకి ఎంత నీరొస్తుందో చెప్పదు. అందుకే బడి గోడ మీదో, రామాలయం అరుగు మీదో పెయింటుతో అడుగుల గుర్తులు వేయండి. 1986లో నీరు ఎక్కడిదాకా వచ్చిందో పెద్దవాళ్ళు ఇప్పటికీ చూపిస్తారు, అదీ గీయండి (ఆ ఏడు భద్రాచలంలో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3). ప్రతి వరదకీ నీరు ఏ గుర్తుకు ఎన్ని గంటలకు చేరింది, అప్పటికి ధవళేశ్వరం నుంచి ఎన్ని లక్షలు వదిలారు, ఓ నోటు పుస్తకంలో ఎక్కించండి. అమావాస్యా పౌర్ణమా కూడా రాయాలి. సముద్రం పోటు మీదుంటే దిగువ లంకల్లో నీరు లాగదు, అదే అంకెకు మట్టం ఎక్కువ కనిపిస్తుంది. మూడు వరదలు రాస్తే ఎన్ని లక్షలకు మీ పుంత (బండి బాట) మునుగుతుందో ఊరికే తెలిసిపోతుంది.

ఎదురుబిడియం, కనకాయలంక లాంటి చోట్ల లంకలకు దారైన కాజ్‌వేలు (తక్కువ ఎత్తు వంతెనలు) తొందరగా మునిగిపోతాయి. అందుకని నెలలు నిండినవాళ్ళు, డయాలసిస్‌కు వెళ్ళేవాళ్ళు, మంచాన ఉన్నవాళ్ళు మొదటి హెచ్చరికకే పట్నం చేరాలి. మూడోది వచ్చేదాకా ఆగితే రాత్రిపూట పడవ ఎక్కించాల్సి వస్తుంది. పశువులనూ రోడ్డు తెగకముందే మెరకకు తోలండి. గేదెలకు గొంతువాపు టీకా వర్షాలకు ముందే వేయించాలి, వరదలో వేయించడం కుదరదు.

ఇక గట్టు. నీరు పైనుంచి పొర్లి గట్టు తెగుతుందని అందరూ పైకే చూస్తారు. చాలా గండ్లు కిందనుంచి మొదలవుతాయి. ఎలుక బొరియలు, ఎండ్రకాయ బొరియలు, కొట్టేసిన చెట్టు కుళ్ళిన వేళ్ళు, పాత తూము పక్కన వదులు మట్టి, ఇవే దారులు. వేసవిలోనే ముళ్ళకంపలు నరికించండి. గడ్డిలో బొరియ కనపడదు. తూము తలుపుకు గుర్రపుడెక్క అడ్డుపడితే తలుపు మూసుకోదు, ఏరు ఎగదన్ని ఊళ్ళోకి వస్తుంది.

రెండో హెచ్చరిక నుంచి రాత్రీ పగలూ ఇద్దరిద్దరు టార్చి, కర్రతో గట్టు కింద, ఊరి వైపు వాలు వెంట నడవాలి. ఊట కనిపిస్తే దోసిట్లోకి తీసుకుని చూడండి. నీరు తేటగా ఉంటే గుర్తు పెట్టి కనిపెట్టుకుని ఉండండి. బురదగా ఉన్నా, ఊట చుట్టూ చీమలపుట్టలా సన్నటి ఇసుక కుప్ప పడుతున్నా, లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టే. దీన్నే బుంగ అంటారు. అప్పుడు బస్తా తెచ్చి నోరు మూసేయడం పెద్ద తప్పు. ఒత్తిడి పక్కన ఇంకో చోట పగులుతుంది. బుంగ చుట్టూ బావి ఒరలా గుండ్రంగా బస్తాలు పేర్చండి, అడుగున రెండు వరసలు వెడల్పు. లోపల నీరు పెరిగేకొద్దీ ఊట జోరు తగ్గి, బురద ఆగి తేట నీరు వస్తుంది. అక్కడితో ఎత్తు ఆపి, ఒక పక్క చిన్న దారి వదలండి. తేట నీరు పోనివ్వాలి.

బస్తా నిండా నింపకూడదు. సగానికి కాస్త పైన చాలు. నిండు బస్తా దిమ్మలా ఉండి సందులు వదులుతుంది, ఒక్కడు మోయలేడు కూడా. మూతి మడిచి, ఆ మడత ఏటివైపు తిప్పి కింద నొక్కిపెట్టండి. ఇటుకల్లా అతుకు మీద అతుకు రాకుండా వేసి కాలితో తొక్కండి. ఒక్క బుంగకే 50 బస్తాలు తేలిగ్గా పడతాయి. ఖాళీ యూరియా సంచులు 500 పోగుచేసుకోండి. ఇసుక మాత్రం జూన్‌లోపే గట్టు మీద నాలుగు చోట్ల పోయించండి. వాన పడ్డాక ఆ మట్టి మీదకు ట్రాక్టరు ఎక్కదు.

నీరు తీశాక బావి. ముందు బురద నీరంతా తోడేయాలి, బురదలో క్లోరిన్ పనిచేయదు. తర్వాత బావి వెడల్పును (మీటర్లలో) దాంతోనే గుణించి, నీటి లోతుతో, 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి. 2 మీటర్ల బావిలో 3 మీటర్ల నీరుంటే 9,420 లీటర్లు. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడర్ లెక్క, వరద తర్వాత రెట్టింపు వేయండి. ఈ బావికి సుమారు 47 గ్రాములు. పొడిని అలాగే చల్లేయకుండా బకెట్‌లో కలిపి, పది నిమిషాలు తేరనిచ్చి, పై తేట నీటిని బావిలో దించి కదపాలి. గంట ఆగి క్లోరిన్ పరీక్ష చేయించి వాడుకోండి. నిరుడు మిగిలిన, మూత తీసి ఉంచిన పౌడర్‌లో సత్తువ ఉండదు.

ఇళ్ళలోకి వెళ్ళేటప్పుడు ముందు కర్రతో మంచం కింద, బస్తాల వెనక తట్టండి, పాములు ఎండు చోటు వెతుక్కుని చేరతాయి. కాటేస్తే కట్టు బిగించకండి, కోయకండి; ఆ కాలో చెయ్యో కదలకుండా చూసి 108కి ఫోన్ చేయండి. స్విచ్చిబోర్డు తడిస్తే లైన్‌మన్ చూసేదాకా మెయిన్ వేయొద్దు.