జూమ్ లెన్స్ కొనే ముందు: ఒక యువ రచయితకు లేఖ

కడప

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. సీమ కోటల మీద, గుళ్ల మీద వ్యాసాలు రాస్తూ, వాటికి ఫొటోలు కూడా నికాన్ ఎఫ్ఎం10 ఫిల్మ్ కెమెరాతో నువ్వే తీయాలనుకోవడం నాకెంతో నచ్చింది. తక్కువ డబ్బుతో ఏ జూమ్ కొనాలని అడిగావు. శుభ్రంగా ఉన్న పాత 35-70 మి.మీ. మాన్యువల్ (చేత్తో ఫోకస్ చేసే) జూమ్ కొను. ఈ అంకె చిన్నదైతే ఎక్కువ వెడల్పు పడుతుంది, పెద్దదైతే దూరంది దగ్గరగా కనిపిస్తుంది. 28-200 లాంటి వాటి జోలికి పోవద్దు. ఆ తరం చవక లెన్సుల్లో అంత పెద్ద రేంజి పెట్టడానికి వెలుతురూ, అంచుల్లో స్పష్టతా వదులుకున్నారు. దగ్గరి వస్తువు మీద ఫోకస్ కూడా కుదరదు.

వ్యాసానికి కావలసిన ఫొటోల్లో చాలా భాగం 35, 70 మధ్యే వస్తాయి. గండికోట అంచున నిలబడితే 35లో అడ్డంగా 54 డిగ్రీలు పడుతుంది. పెన్నా లోయ రెండు గోడలూ ఒకే ఫొటోలో కావాలంటే 28 ఉంటే బాగుంటుంది, అది 65 డిగ్రీలు చూస్తుంది. కానీ చవక జూముల్లో 28 దగ్గర నిలువు గీతలు బయటికి ఉబ్బుతాయి. మండపం స్తంభాలు వంగినట్టు కనిపిస్తే గుడి గురించి రాసినవాడికి అది తప్పుడు సాక్ష్యమే. క్రీ.శ. 575 నాటిదిగా చెప్పే కలమళ్ల శాసనం లాంటి రాతి అక్షరాలను 50 దాటాకే తియ్యి, వెలుతురు పక్కనుంచి పడేటప్పుడు తియ్యి. లెన్స్ మీద ‘మాక్రో’ (చిన్న వస్తువులను దగ్గరగా తీసేది) అని రాసి ఉందని ఎక్కువ డబ్బు పెట్టకు. చాలా జూముల్లో అది అసలు సైజులో నాలుగో వంతే.

ఇంకో సంగతి. లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని అపెర్చర్ అంటారు. దాని కొలత ‘ఎఫ్’ అంకె, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. 35-70 లెన్స్ మీద ఎఫ్ 3.5-4.8 అని ఉంటే, 70కి తిప్పగానే దాదాపు ఒక స్టాప్, అంటే దాదాపు సగం వెలుతురు తగ్గుతుంది. అందుకే జూమ్ తిప్పిన ప్రతిసారీ వెలుతురు కొలిచే మీటరు మళ్లీ చూసుకో, ఫోకస్ కూడా మళ్లీ చెయ్యి. ఎఫ్ 5.6 దాకా పోయే లెన్సులతో వ్యూఫైండర్ మధ్యలో ఉండే స్ప్లిట్ ఇమేజ్‌లో (రెండు సగాలూ కలిస్తే ఫోకస్ కుదిరిందని చూపే వలయంలో) సగం నల్లబడి ఫోకస్ కష్టమవుతుంది. తాడిపత్రి చింతల వేంకటరమణ ఆలయం లోపలికి పోతే ఏ చవక జూమూ చాలదు. 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్‌తో షట్టర్ వేగం 1/60 సెకను వచ్చే చోట, ఎఫ్ 4.8తో 1/8 వస్తుంది. చేతిలో పట్టుకుని 1/8కి తీస్తే ఫొటో కదిలిపోతుంది. కాబట్టి 70-210 కొనడానికి దాచిన డబ్బుంటే, ముందు ఆ 50 కొను.

ఇక నీ కెమెరాకు సరిపోతుందో లేదో. నికాన్ ఎఫ్ మౌంట్ (లెన్స్‌ను కెమెరాకు బిగించే అమరిక) 1959 నుంచీ ఉన్నా, అన్ని లెన్సులూ దీనికి పనికిరావు. 1977లో వచ్చిన ‘ఏఐ’ పద్ధతికి (లెన్స్ అపెర్చర్‌ను కెమెరా మీటరుకు తెలిపే అమరికకు) ముందు లెన్సులు బిగించబోతే బాడీ మీది మీట విరగొచ్చు. నికాన్ ఏఐ లెన్స్‌కు అపెర్చర్ అంకెలు రెండు వరసల్లో ఉంటాయి, చూసుకో. ‘జి’ రకానికి అపెర్చర్ రింగే ఉండదు. ఎఫ్ఎం10 మీద అది ఎప్పుడూ పూర్తిగా మూసుకునే తీస్తుంది, ఫొటో నల్లగా వస్తుంది. ‘డీఎక్స్’ అని ఉన్నవి డిజిటల్ కెమెరాల చిన్న సెన్సర్ కోసం చేసినవి, ఫిల్మ్ మీద మూలలు నల్లబడతాయి. ‘ఏఎఫ్-డి’ అనే ఆటోఫోకస్ రకం పనికొస్తుంది, అయితే ఫోకస్ రింగు వదులుగా తిరుగుతుంది.

అంగడిలో లెన్స్ చేతికిచ్చినప్పుడు తొందరపడకు. అపెర్చర్‌ను పూర్తిగా తెరిచి, ఫోన్ టార్చ్ వెనక నుంచి ఏటవాలుగా వేసి చూడు. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే అది ఫంగస్. వద్దని చెప్పి లేచిరా. అది కోటింగ్‌ను తినేస్తుంది, జూమ్ విప్పి సరిచేసే కూలి లెన్స్ ధరనే దాటుతుంది. మన పొడిగాలిలో వాడిన వాటికంటే సముద్రతీరం నుంచి వచ్చినవాటిని ఇంకా జాగ్రత్తగా చూడు. నాలుగు దుమ్ము రేణువులతో నష్టం లేదు. ముందు గాజు మీది సన్నని గీత కంటే వెనక గాజు మీది గీత ఎక్కువ చెరుపు చేస్తుంది.

తర్వాత రింగును చిన్న అపెర్చర్‌కు, అంటే ఎఫ్ 22కు తిప్పి, వెనక మీటను తోసి వదులు. అపెర్చర్‌ను చిన్నది చేసే సన్నని రేకులు, అంటే బ్లేడ్లు టక్కున మూసుకోవాలి. నిదానంగా కదిలినా, నూనె మెరుపు కనిపించినా కొనకు. షట్టర్ తెరిచేసరికి అవి మూసుకోకపోతే ప్రతి ఫొటో వెలిసిపోతుంది. నూనె గ్రీజు నుంచే వస్తుంది. మన ఏప్రిల్, మే ఎండల్లో కారులో వదిలేసిన లెన్స్‌లో గ్రీజు కరిగి బ్లేడ్ల మీదికి జారుతుంది. నువ్వు కొన్నాక కూడా ఇది మరిచిపోకు. లెన్స్‌ను కిందికి వంచినప్పుడు జూమ్ దానంతట అదే జారితే, ట్రైపాడ్ మీద నీకు కష్టం. ధర తగ్గించమని అడుగు.

కొన్నాక మొదటి రోల్‌లో తొమ్మిది ఫ్రేములు పరీక్షకు కేటాయించు. గోడ మీద మధ్యలోనూ నాలుగు మూలల్లోనూ వార్తాపత్రిక కాగితాలు అంటించి, ట్రైపాడ్ మీద 35, 50, 70 దగ్గర ఒక్కోచోట మూడేసి తియ్యి: పూర్తిగా తెరిచి, ఎఫ్ 8లో, ఎఫ్ 11లో. ఫ్రేము నంబరు పక్కన ఇవన్నీ పుస్తకంలో రాసుకో. స్కాన్ వచ్చాక మూలల్లో అక్షరాలు ఎక్కడ చదవగలిగితే, నీ లెన్స్ అక్కడ నమ్మదగింది. ఒక మూల మాత్రమే మసకైతే లోపలి గాజు పక్కకు ఒరిగిందని అర్థం, వెనక్కి ఇచ్చెయ్. అందుకే వారం రోజుల్లో వెనక్కి తీసుకుంటామని ఒప్పుకున్నవాళ్ల దగ్గరే బేరం కుదుర్చుకో.

రోలుకు, డెవలపింగ్‌కు, స్కానింగ్‌కు డబ్బు మిగిలేలా ధర మాట్లాడు. నచ్చిన లెన్స్ దొరికితే, దాని ముందు, వెనక, పక్క ఫొటోలు టార్చ్ వెలుగులో తీసి పంపు. అడ్వాన్స్ ఇచ్చేలోపు చూసి చెబుతాను.

నీ శ్రేయోభిలాషి