మాటలు లేని సినిమా తీయబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఒక్క మాటైనా లేని పది నిమిషాల హాస్య చిత్రం తీయబోతున్నావనీ, అందులో పడేదీ లేచేదీ నువ్వేననీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ సంతోషంతో రాత్రి మాటల్లేని సినిమా ‘పుష్పక విమానం’ మళ్ళీ చూశాను. తెల్లవారుజామున మాత్రం నువ్వు నిచ్చెన మీది నుంచి పడుతున్నట్టు కల వచ్చి లేచి కూర్చున్నాను.

కథ చిన్నదిగా ఉంచు. ఎండ ఉండగానే తీసెయ్యి. కెమెరాను కాస్త దూరంగా పెట్టు, మనిషి తల నుంచి పాదాల దాకా కనబడాలి. అరటి తొక్క, దాని వైపు ధీమాగా వస్తున్న చెప్పులు ఒకే ఫ్రేములో ఉంటే, అతనికి తెలియనిది మనకు తెలిసిపోయి, అతను పడకముందే నవ్వు మొదలవుతుంది. మాట లేదంటే చప్పుడు కూడా ఉండకూడదని కాదు. 1987 నాటి ఆ చిత్రంలో ఖరీదైన హోటలు గదిలోని నిశ్శబ్దానికి నిద్రపట్టని కథానాయకుడు, తన పాత గది దగ్గరి రొదను టేపులో పట్టి తెచ్చి, అది వింటూ హాయిగా నిద్రపోతాడు. దర్శకులు సింగీతం శ్రీనివాసరావు గారు అతని పేదరికమంతా అక్కడ ఒక్క సంభాషణ లేకుండా చెప్పేశారు.

ఇక నిచ్చెన సంగతి. డిగ్రీ రెండో ఏట కళాశాల వార్షికోత్సవానికి నేనూ, నా స్నేహితుడూ వెల్ల వేసేవాళ్ళ మూకాభినయం కట్టాము. అతను సున్నం బకెట్టుతో నిచ్చెన ఎక్కుతాడు. నేను మనసులో నాలుగు లెక్కపెట్టేలోగా పక్కనున్న బల్ల మీద కాలు మోపుతాడు. అప్పుడు నేను పరధ్యానంగా నిచ్చెన తీసుకుని వెళ్ళిపోవాలి. ఇరవై రోజులు అలాగే సాధన చేశాము. ఆ రోజు హాలు విరగబడి నవ్వుతుంటే, ఇంకా నవ్వించాలన్న దురాశ పుట్టి, మూడుకే లాగేశాను. అతను చెయ్యి కింద పడేలా పడ్డాడు, మీద సున్నం ఒలికింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అతనూ లేచి, చెయ్యి గుండెకు ఆనించుకుని, వంగి నమస్కరించాడు. తెర పడ్డాక చూస్తే మణికట్టు విరిగి ఉంది. ఆ ఏడు పరీక్షలు రాయలేకపోయాడు. బత్తాయిలు పట్టుకుని వాళ్ళింటికి వెళితే వాళ్ళమ్మగారు కాఫీ ఇచ్చి, “వీడికి చిన్నప్పటి నుంచీ కాలు నిలవదు, నాయనా” అన్నారు. నేను కాఫీ తాగి వచ్చేశాను. తన కాలే జారిందని అతను ఇప్పటికీ అనుకుంటున్నాడు.

మూకీ చిత్రాల హాస్యనటుడు బస్టర్ కీటన్ 1928లో ఒక చిత్రంలో ఇంటి ముందు గోడ మొత్తం తన మీద కూలుతుంటే, తెరిచిన కిటికీ సరిగ్గా తన చుట్టూ దిగే చోట కదలకుండా నిలబడ్డాడని నువ్వు వాదిస్తావు. నిలబడ్డాడు, కొలతలు చూసుకునే నిలబడ్డాడు. అంతటివాడికీ 1924లో ఒక చిత్రం తీస్తుండగా, రైల్వే నీళ్ళ ట్యాంకు ధార మీద పడి మెడ ఎముక చిట్లింది. ఆ సంగతి ఏళ్ళ తరవాత ఎక్స్‌రేలో గాని తెలియలేదు. ఇంకో మూకీ చిత్రంలో గడియారం ముల్లు పట్టుకుని వేలాడిన నటుడు హెరాల్డ్ లాయిడ్‌కు అప్పటికే కుడి చేతికి రెండు వేళ్ళు లేవు.

కోప్పడుతున్నాననుకోకు. చిన్నప్పుడు భోజనాల దగ్గర తాతగారి నడకను అనుకరించి, ఆయన చేతే పొలమారేలా నవ్వించినవాడివి. నీకు ఈ విద్య ఉందని నాకు అప్పుడే తెలుసు.

దూది పరుపులు రెండు మా ఇంట్లో ఉన్నాయి, ఆటోలో వేసుకుని వస్తాను. ఆలోగా నువ్వు ఎక్కబోయే నిచ్చెన ఎత్తు కొలిచి, దాన్ని లాగేవాడు ఎవరో, ఎంత లెక్కకు లాగుతాడో రాసి పంపించు.

మీ మామయ్య