ముల్లు గాడి తప్పుతోంది, ఏ కార్ట్రిడ్జ్ కొనాలి?

ప్రశ్న: స్క్రాచింగ్, అంటే రికార్డుని చేత్తో వెనక్కీ ముందుకీ ఆడించి శబ్దాలు పుట్టించడం, నేర్చుకోవడం మొదలుపెట్టి నాలుగు నెలలైందండీ. నాది డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్. పాటలు వినడానికి బిగించుకున్న ఎలిప్టికల్ (కొన కోలగా ఉన్న) ముల్లు కార్ట్రిడ్జే, అంటే ముల్లు తగిలించి ఉండే చిన్న పెట్టెనే, ఇప్పటికీ వాడుతున్నాను. చెయ్యి కాస్త వేగంగా ఆడిస్తే చాలు, ముల్లు ఎగిరి పక్క గాడిలో పడుతోంది. కార్ట్రిడ్జ్‌ని బిగించే హెడ్‌షెల్ మీద నాణెం అతికించమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. అతికించనా, కొత్తది కొననా? కొంటే కాంకార్డ్ లాంటి ఒకే ముక్కగా వచ్చేది మేలా, స్క్రూలతో బిగించుకునేది మేలా?

జవాబు: నాణెం మాత్రం వద్దండీ. ఆ పని నేను చేశాను కాబట్టి చెబుతున్నాను. కొత్తలో ఒక పన్నెండంగుళాల రికార్డు మీద నాలుగు సెకన్ల డ్రమ్ ముక్క పట్టుకుని రెండు వారాలు సాధన చేశాను, హెడ్‌షెల్ మీద నాణెం పెట్టి. ముల్లు కదల్లేదు, నిజమే. మూడో వారం విందామని మామూలుగా వేస్తే ఆ నాలుగు సెకన్లలో డ్రమ్ కన్నా ముందు రేకుల మీద వాన పడుతున్న చప్పుడు వినిపించింది. డీజేలు దాన్ని క్యూ బర్న్ అంటారు. ఒకసారి పడితే కడిగినా పోదు. స్క్రాచ్ చేసే రికార్డు ఎలాగూ అరుగుతుంది. నేను మాత్రం చేజేతులా తొందరగా అరగదీశాను.

అసలు మీ ముల్లు ఎందుకు ఎగురుతోందో చూద్దాం. ముల్లు పట్టుకున్న సన్నని కడ్డీ, అంటే క్యాంటిలీవర్, ఏటవాలుగా ఉంటుంది. రికార్డు ముందుకు తిరిగేటప్పుడు ముల్లు దాని వెనకాల ఈడ్చుకుపోతున్నట్టు సాగుతుంది. మీరు చేత్తో రికార్డు వెనక్కి లాగితే అదే కడ్డీ ఎదురు పడుతుంది. గచ్చు మీద చీపురు మీ వైపు లాగితే సాఫీగా వస్తుంది, అవతలికి తోస్తే పుల్లలు విచ్చుకుని తన్నుకుంటాయి చూడండి, అలాగన్నమాట. పైగా ఎలిప్టికల్ ముల్లు గాడి గోడల్ని సన్నని అంచులతో తాకుతుంది. వినడానికి అది వరం, సన్నని శబ్దాలు కూడా తీసుకొస్తుంది. వెనక్కీ ముందుకీ రాపిడి పెట్టారో, అదే అంచు గాడిని గీరుతుంది. స్క్రాచ్‌కి కావలసింది స్ఫెరికల్ ముల్లు, అంటే కొన గుండ్రంగా ఉన్నది. కొన వ్యాసార్ధం సాధారణంగా 18 మైక్రాన్లు. దానికి తోడు కడ్డీ సస్పెన్షన్ కొంచెం బిగువుగా ఉండాలి.

ముల్లు మీద బరువు ఒక్కటే చూడకండి. షూర్ ఎం44-7 అని ఒకటుండేది, స్క్రాచ్ డీజేలు ప్రాణంగా చూసుకునేవారు. దానికి కంపెనీ చెప్పిన గరిష్ఠ బరువు 3 గ్రాములే, అయినా గాడి వదిలేది కాదు. ఔట్‌పుట్ 9.5 మిల్లీవోల్టులు. షూర్ 2018లో కార్ట్రిడ్జ్‌ల తయారీయే మానేసింది. ఎక్కడైనా పాతది దొరికితే జపాన్‌లోని జీకో కంపెనీ చేసే ముల్లు వేసుకోవచ్చు. ఇప్పటి వాటిలో ఆర్టోఫోన్ కంపెనీది కాంకార్డ్ ఎంకే2 స్క్రాచ్ ఉంది. దానికి 4 గ్రాములు పెట్టమంటారు, ఔట్‌పుట్ 10 మిల్లీవోల్టులు. అదే వరుసలో క్లబ్ అని ఇంకోటి ఉంది, అది ఎలిప్టికల్. డీజే కార్ట్రిడ్జ్ అన్నారు కదా అని తొందరపడకండి, ముల్లు ఆకారం చదివాకే కొనండి.

ఒకే ముక్కా, విడిదా అంటే, ఇంట్లో నేర్చుకునేవాళ్లకు నా ఓటు స్క్రూలతో బిగించుకునే హెడ్‌షెల్‌కే. కాంకార్డ్‌ని టోన్ ఆర్మ్‌కి, అంటే ముల్లుని మోసే పొడవాటి గొట్టానికి, తగిలించి రింగు తిప్పితే పని అయిపోతుంది, కొలతల గొడవ లేదు. ఊళ్లు తిరిగి వేరేవాళ్ల టర్న్‌టేబుళ్ల మీద వాయించేవాళ్లకు అదే సుఖం. హెడ్‌షెల్‌లో అయితే ముల్లుని కాస్త లోపలికో బయటికో తిప్పి బిగించుకుని, మీ చేతివాటానికి ఏది నిలుస్తుందో చూసుకోవచ్చు. మీది టెక్నిక్స్ ఎస్ఎల్-1200 టర్న్‌టేబుల్ అయితే హెడ్‌షెల్ వెనకున్న రబ్బరు వాషర్ నుంచి ముల్లు కొన వరకు 52 మిల్లీమీటర్లు ఉంచమని కంపెనీ లెక్క. అక్కడ మొదలుపెట్టి తర్వాత మీ ఇష్టం. నాలుగు వైర్లలో తెలుపు, నీలం ఎడమ వైపువి. ఎరుపు, ఆకుపచ్చ కుడి వైపువి. పట్టకారుతో నెమ్మదిగా తొడగండి. నేను ఒకసారి గోళ్లతో లాగితే వైరు తెగి చేతికొచ్చింది.

ఇంతకీ కొనేముందు ఒక సాయంత్రం సెట్టింగ్ మీద పెట్టండి. యాంటీ స్కేటింగ్ సున్నాలో పెట్టి, ఆర్మ్ గాల్లో అడ్డంగా తేలేలా దాని వెనకున్న కౌంటర్ వెయిట్ సర్దండి. అప్పుడు అంకెల రింగు ఒక్కదాన్నే తిప్పి సున్నాకి తెచ్చి, తర్వాత వెయిట్‌ని, రింగుని కలిపి తిప్పాలి. రింగు ఒక్కటే తిప్పి బరువు పెరిగిందనుకునేవాళ్లను చాలామందిని చూశాను. చిన్న ముల్లు తూకం ఒకటి కొనుక్కుంటే ఆ అనుమానమే ఉండదు. యాంటీ స్కేటింగ్ సున్నా ఎందుకంటే, రికార్డు ముందుకు తిరిగేటప్పుడు ఆర్మ్ లోపలికి లాగుతుంది, దాన్ని ఆపడానికి ఆ స్ప్రింగ్ బయటికి లాగుతుంది. మీరు రికార్డు వెనక్కి లాగగానే రాపిడి కూడా బయటికే లాగుతుంది. రెండూ ఒకవైపే అయితే ముల్లు ఎగరక ఏం చేస్తుంది? మీ చెయ్యి కూడా ఒకసారి చూసుకోండి, రికార్డుని కిందికి నొక్కుతున్నారేమో. రికార్డు కింద వేసే స్లిప్‌మ్యాట్ గుడ్డ జారుతుంటే వేళ్లు ఆనిస్తే చాలు. మధ్య రంధ్రం వదులుగా ఉండి రికార్డు ఊగుతుంటే ఆ రంధ్రం అంచున సన్నని టేపు ముక్క అతికించండి.

ఇవన్నీ చేశాక కూడా ఎగిరితే అప్పుడు స్ఫెరికల్ కొనండి. పాత ముల్లు పారేయకండి, దాన్ని ఇంకో హెడ్‌షెల్‌లో బిగించి వినడానికి ఉంచుకోండి.

ప్రశ్న: నేను టైమ్‌కోడ్ రికార్డులతో, అంటే పాటకి బదులు సాఫ్ట్‌వేర్‌కి సంకేతం పంపే రికార్డులతో, లాప్‌టాప్‌లో పాటలు వాయిస్తాను. శబ్దం రికార్డు నుంచి రాదు కదా, ముల్లు ఏదైతే ఏం?

జవాబు: శబ్దం రాదు కానీ చేతి కదలిక అక్కడి నుంచే వెళుతుంది. సెరాటో అనే డీజే సాఫ్ట్‌వేర్ కంట్రోల్ రికార్డులో 1 కిలోహెర్ట్జ్ టోన్ ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఎడమ కుడి ఛానళ్లు రెండింటినీ పోల్చి వేగమూ దిశా పసిగడుతుంది. ఆ సంకేతాన్ని బొమ్మగా చూపే సాఫ్ట్‌వేర్ స్కోప్‌లో కనబడే వలయం గుండ్రంగా, సన్నగా ఉందా? అయితే మీ ముల్లు బాగున్నట్టే. కోడిగుడ్డులా సాగినా, వణికినా ముందు హెడ్‌షెల్ వెనకున్న పిన్నులు పెన్సిల్ రబ్బరుతో తుడవండి. ఒక ఛానల్ మూగబోయిన టెన్షన్ నాకు చాలాసార్లు అక్కడే తీరిపోయింది.

ప్రశ్న: ముల్లు మార్చే సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

జవాబు: పాటలో స, ష అక్షరాలు బుసకొడుతుంటే, నిన్నటిదాకా నిలిచిన చోట ఇవాళ ఎగురుతుంటే అనుమానించండి. ముందు దుమ్మేమో చూడండి, బ్రష్‌తో వెనక నుంచి ముందుకే తుడవాలి, వేలు పెట్టకూడదు. అయినా తగ్గకపోతే మార్చేయండి. రెండు టర్న్‌టేబుళ్లు ఉంటే రెండింటికీ ఒకేసారి మార్చండి. నేనైతే మార్చిన తేదీ చిన్న కాగితం టేపు మీద రాసి హెడ్‌షెల్ పైన అతికిస్తాను. ఆ టేపు బరువు కూడా తూకంలో కలిపి చూస్తాను లెండి, అది నా పిచ్చి.