సమాధానం: 'బుడెన్‌బ్రూక్స్' చదివిన ఆ గొంతు ఎవరిది?

జర్మన్ రచయిత థామస్ మన్ నవల 'బుడెన్‌బ్రూక్స్' ఆడియోలో వినిపించే గొంతు ఎవరిదని, వెతికితే వేరేవి వస్తున్నాయని అడిగారు. ఆ ఆడియోలో ఒక్క మనిషే పాత్రలన్నీ పలుకుతున్నారు కాబట్టి అది గెర్ట్ వెస్ట్‌ఫాల్ రికార్డింగే అయ్యుంటుంది. సినిమాల జాబితాలో వెతికితే పెద్దగా దొరకరు, ఆయన బతుకంతా రంగస్థలం, రేడియో.

1920లో డ్రెస్డెన్‌లో పుట్టారు. యుద్ధం తర్వాత బ్రెమెన్‌లో నటన, అక్కడి రేడియోలో నాటకాల విభాగం బాధ్యత. 1953 నుంచి బాడెన్-బాడెన్‌లో కూడా అదే పని. 1959లో జూరిక్ నాటకశాలకు వెళ్లి దాదాపు ఇరవై ఏళ్లు ఉన్నారు. 2002లో అక్కడే పోయారు. జర్మన్లు ఆయన్ని 'చదివేవాళ్లలో రాజు' అనేవారు. థామస్ మన్ భార్య కాట్యా అయితే 'రచయితకు అత్యున్నతమైన నోరు' అన్నారు. నాకైతే ఈ మాటే నచ్చింది.

ఇక వెతకడం సంగతి. 'గెర్ట్' (Gert) అనే పేరు చివర 'టీ' కొట్టండి, 'డీ' కాదు. పక్కన 'లేజుంగ్' అని చేర్చండి, అంటే పుస్తక పఠనం. మీరు కొట్టిన 'హోర్‌ష్పీల్' అంటే నలుగురైదుగురు నటులు, చప్పుళ్లు, సంగీతంతో నడిచే రేడియో నాటకం. అందుకే వేరేవి వచ్చాయి. భాష నేర్చుకోవడానికైతే జర్మన్ రచయిత ఫొంటానే నవల 'ఎఫీ బ్రీస్ట్'తో మొదలుపెట్టండి, వాక్యాలు కాస్త తేలిక.