మంట లేదని ఊరుకోవద్దు

ప్రశ్న: నా వయసు 52. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. పొయ్యి మీది గిన్నెలో వదిలేసిన స్టీలు గరిటెను నాలుగు రోజుల క్రితం పట్టుకున్నాను. కాలుతున్నట్టు వెంటనే తెలియలేదు. చూపుడువేలి మీద, అరచేతిలో బొబ్బలు లేచాయి. టూత్‌పేస్ట్ రాసి, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు రెండు వేసుకున్నాను. ఇప్పుడు మంట లేదు గానీ మధ్యలో తెల్లగా ఉంది. చెక్క గరిటె కాలదు, స్టీలు ఎందుకు కాలుతుంది? ఏది వాడటం మంచిది?

జవాబు: గరిటె సంగతి చివర చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినవి రెండు మాటలు: ‘వెంటనే తెలియలేదు’, ‘ఇప్పుడు మంట లేదు’.

వేడి వస్తువు తగిలిన మరుక్షణమే, మనం ఆలోచించేలోపే, చెయ్యి వెనక్కి వస్తుంది. 60 డిగ్రీల సెల్సియస్ వేడినీరు పెద్దవారి చర్మాన్ని సుమారు 5 సెకన్లలో, 70 డిగ్రీల నీరు సుమారు ఒక్క సెకనులో లోతుగా కాల్చగలవు కాబట్టి, ఆ స్పందన కాస్త ఆలస్యమైనా గాయం తీవ్రత మారిపోతుంది. దీర్ఘకాలంగా షుగర్ ఉన్నవారిలో నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గవచ్చు. ఇది సాధారణంగా ముందు పాదాల్లో మొదలై తర్వాత చేతులకు వస్తుంది కనుక, మీ పాదాలను కూడా పరీక్ష చేయించుకోవాలి.

ఇక మంట లేకపోవడం. పైపై కాలిన గాయమే ఎక్కువ మండుతుంది. లోతుగా కాలితే నొప్పిని తెలిపే నరాల కొసలు కూడా కాలిపోయి, ఆ చోట తెల్లబడి మొద్దుబారవచ్చు. చేతిని చూడకుండా మీది అలాంటిదేనని నేను నిర్ధారించలేను. అయితే షుగర్ ఉన్న వ్యక్తికి, అదీ చేతికి, తెల్లబడిన కాలిన గాయం ఉంటే ఈ రోజే వైద్యుడు చూడాలి. ఎరుపు చుట్టూ పాకుతున్నా, చీము, దుర్వాసన లేదా జ్వరం ఉన్నా అత్యవసర విభాగానికే వెళ్లండి.

టూత్‌పేస్ట్ విషయంలో నేను రోగులను తరచూ మందలిస్తూనే ఉంటాను, మిమ్మల్నీ మందలించక తప్పదు. అది వేడిని తీయదు, చర్మాన్ని రేపుతుంది, గాయం ఎంత లోతుందో మాకు కనిపించకుండా కప్పేస్తుంది. వెన్న, నూనె, ఐసు కూడా పెట్టకూడదు. చెయ్యవలసింది కుళాయి కింద పారే చల్లటి నీటిలో 20 నిమిషాలు ఉంచడం. వెంటనే కుదరకపోయినా, కాలిన 3 గంటలలోపు చేస్తే ప్రయోజనం ఉంటుంది. వాపు రాకముందే ఉంగరాలు తీసేయాలి, బొబ్బలు చిదమకూడదు. ఇది ఈసారికి కాదు, ఇకముందు ఇంట్లో ఎవరికి కాలినా గుర్తుంచుకోవడానికి. ఎవరి కోసమో, ఎప్పుడో రాసిన యాంటీబయాటిక్‌ను రెండు మాత్రలు వేసుకుని ఆపేయడం మరింత పెద్ద పొరపాటు. కాలిన ప్రతి గాయానికీ అవి అవసరం ఉండవు, అవసరమైనప్పుడు ఏ మందు, ఎన్ని రోజులన్నది గాయాన్ని చూసి నిర్ణయించాలి.

మీరు అడిగినదానికి వస్తే, స్టీలులో వేడి చెక్కలో కంటే దాదాపు వంద రెట్లు సులభంగా ప్రవహిస్తుంది. అల్యూమినియంలో స్టీలు కంటే ఇంకా ఎక్కువ. అందుకే గిన్నెలోని వేడి పిడికి చేరడమే కాక, పట్టుకోగానే చేతికీ వేగంగా పాకుతుంది. మీరు చెక్క గరిటెగానీ, చెక్క పిడి ఉన్నదిగానీ వాడండి. ప్లాస్టిక్‌ది మరిగే నూనెలో పెట్టవద్దు. ఏదైనా సరే పొయ్యి మీది గిన్నెలో వదలకండి, స్పర్శను నమ్ముకోకుండా ప్రతిసారీ పొడి గుడ్డతోనే పట్టుకోండి.

వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు మీరు వేసుకున్న మాత్రల స్ట్రిప్పును, ఇటీవలి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను తెలిపే రక్తపరీక్ష) ఫలితాన్ని వెంట తీసుకెళ్లండి. టెటనస్ ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు తీసుకున్నారో కూడా చెప్పండి. అయిదేళ్లు దాటి ఉంటే మళ్లీ అవసరం కావచ్చు.